చివరి ఆవు కన్ను

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఏ ఇంట్లో చెయ్యి తిరిగిన ఆడపిల్ల ఉందో తెలుసుకోవాలంటే ఎవర్నీ అడగక్కర్లేదు, వీధిలో ఒకసారి నడిచి గోడలు చూస్తే సరిపోయేది. చైత్ర పండగకి పదిహేను రోజుల ముందే ఆడవాళ్ళు వాగు పక్కన ఎర్రమట్టి తవ్వి, తట్టలతో మోసుకొచ్చి, వీధివైపు గోడలన్నీ కొత్తగా అలికేవారు. అది ఆరాక ఆడపిల్లలం బియ్యప్పిండి, తెల్లమట్టి, నూరిన బొగ్గు కలుపుకుని, కొస నమిలిన వెదురుపుల్లలతో బొమ్మలు గీసేవాళ్ళం. అరకు నుంచి కొండెక్కి గంటన్నర నడిస్తే వచ్చే ఊరు మాది. ముప్పై గడప కూడా లేదు. బొమ్మల దగ్గర మా పంతాలకి మాత్రం మూడు ఊళ్ళు సరిపోవు.

నేను బాగానే గీసేదాన్ని. ఆ మాట చెప్పుకోడానికి ఇప్పుడు మొహమాటపడను, అప్పుడైతే అసలే పడలేదు. అయిదో తరగతి పుస్తకంలో నెమలి ఉంటే నెమలి, తామరపువ్వు ఉంటే తామరపువ్వు, సముద్రం, పడవ, ఒడ్డున కొబ్బరిచెట్టు, ఉన్నది ఉన్నట్టు దించేసేదాన్ని. సముద్రాన్ని నేను ఎన్నడూ చూడలేదు. మా కొండల్లో కొబ్బరిచెట్టు మొలిచిన పాపాన పోలేదు. అయినా మాస్టారు ఒకసారి భలే అన్నారు కాబట్టి, ఇక నాకు నేనే సాటి అనుకుని తిరిగాను.

పక్కింటి అక్క నాకన్నా రెండేళ్ళు పెద్ద. బడి మానేసి ఆవుల్ని కాసేది. సాయంత్రం వాటిని కట్టేసి మా అరుగు మీదకి వచ్చేది. నా పాత నోటుపుస్తకాల్లో మిగిలిన కాగితాలు ఇద్దరం సగం సగం పంచుకుని గీసుకునేవాళ్ళం. ఒకళ్ళ బొమ్మ ఒకళ్ళం చూసి వంకలు పెట్టుకునేవాళ్ళం, నవ్వుకునేవాళ్ళం. పిండిలో కాస్త తపసి చెట్టు జిగురు నానబెట్టి కలిపితే ఆరాక గీత రాలిపోదని నాకు చెప్పింది తనే. అలాంటి కిటుకు తెలిస్తే నేనైతే దాచుకునేదాన్ని. తను దాచుకోలేదు.

ఇక మా అత్త. నాన్నకి అక్క, భర్త పోయాక మా ఇంట్లోనే ఉండేది. ఆవిడకి బొమ్మ గీయడం రాదు. ముగ్గు వేస్తే కోడి కెలికినట్టు ఉంటుందని ఆవిడే చెప్పి నవ్వేది. గోడ అలకడంలో మాత్రం ఊళ్ళో ఆవిడని మించినవాళ్ళు లేరు. ఆవిడ అలికిన గోడ మీద చెయ్యి వేస్తే ఎక్కడా గరుకు తగిలేది కాదు. గరుకంతా నోట్లో ఉండేది.

ఆ ఏడు నేను మా గోడ నిండా సముద్రం గీశాను. అక్క తన గోడ మీద ఆవుల్ని గీసింది. కొండ దిగి ఇంటికొస్తున్న ఏడు ఆవులు. రోజూ చూసే ఆవుల్లో ఏముంది గొప్ప అనుకున్నాను. మర్నాడు నీళ్ళకి వెళ్తూ దగ్గరగా చూశాను. ఆరు ఆవులు ఒకదాని వెనక ఒకటి దిగిపోతున్నాయి. ఏడోది ఆగిపోయి, ఒక మోడుకి మెడ రుద్దుకుంటోంది. మిగతావి వెళ్ళిపోతున్నాయన్న తొందర దానికి ఏమాత్రం లేదు. మెడ కింద వేలాడే దాని తోలు చూస్తే చెయ్యి చాచి నిమరాలనిపించింది. బిందె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

రెండు రోజులకి విశాఖపట్నం నుంచి ఎవరో నలుగురు జీపులో వచ్చారు. ఒకాయన మెడలో కెమెరా ఉంది. గోడలు చూసుకుంటూ మా ఇంటివైపే వస్తున్నాడు. నేను గబగబా జుట్టు దువ్వుకుని, నా సముద్రం పక్కన నవ్వుతూ నిలబడ్డాను. ఆయన దగ్గరికొచ్చి, ఎంతో మర్యాదగా, "పాపా, కొంచెం పక్కకి జరుగుతావా, ఆ ఆవులకి నువ్వు అడ్డం వస్తున్నావు" అన్నాడు.

జరిగాను. జరిగానుగానీ కడుపు మండిపోయింది. దానికి ఇంకో పేరు పెట్టను, అది అచ్చమైన కుళ్ళు. ఆ రోజు నుంచి సాయంత్రాలు తలనొప్పి అని చెప్పి అక్కతో కూర్చోవడం మానేశాను. కనబడిన ప్రతివాళ్ళతో ఆ ఆవుల కాళ్ళు వంకరగా ఉన్నాయన్నాను. చివరికి ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మన గోడే బాగాలేదు, అందుకే నా రంగు తేలలేదు అని అత్తతోనే అన్నాను. తన గోడని అంటే ఆవిడ ఊరుకుంటుందా? "గోడకి నోరుంటే నీ బొమ్మని ఏటంటాదో అడగవే" అంది. అంత జరుగుతున్నా రోజుకి నాలుగుసార్లు ఏదో ఒక వంకతో ఆ గోడ ముందునుంచి వెళ్ళకుండా ఉండలేకపోయాను. చూసినప్పుడల్లా మండేది. మండినా చూసేదాన్ని.

శుక్రవారం వచ్చింది. అరకు సంతకి పక్కింటివాళ్ళు అందరూ బయల్దేరారు. వెళ్తూ వెళ్తూ అక్క నా దగ్గరికి వచ్చింది. మబ్బులు కాస్త కమ్ముతున్నాయి. వేసవిలో మా దగ్గర వాన ఏటవాలుగా కొడుతుంది, చూరు ఆపలేదు. "వానొస్తే అరుగు మీద తడిక ఉంది, బేగి గోడకి అడ్డెట్టీయే గుంటా" అంది. సరే అన్నాను. నా మీద ఆ నమ్మకం ఎందుకో తనకి.

మధ్యాహ్నం వాన మొదలైంది. మా గోడకి అత్త పొలం వెళ్ళేముందే తడిక కట్టేసింది. మా గుమ్మంలో కూర్చుని ఉన్నాను. తడిక నాకు కనబడుతూనే ఉంది, పది అడుగుల దూరం. లేద్దామనుకున్నాను. ఇంకా చినుకులే కదా అనుకున్నాను. చినుకులు జోరైనప్పుడు, ఇప్పుడు వెళ్తే తడిసిపోతాను కదా అనుకున్నాను. లేవకూడదని నిశ్చయించుకున్నానని చెప్పలేను, కానీ లేవలేదు. మొదటి ఆవు కొమ్ముల నుంచి తెల్లటి నీళ్ళు కారడం కళ్ళారా చూశాను. అరగంటలో వాన వెలిసేసరికి గోడ మీద పాలు ఒలికినట్టు చారలు తప్ప ఏమీ మిగల్లేదు. సంతోషంగా ఉంటుందనుకున్నాను. ఉండలేదు.

అత్త పొలం నుంచి, వానకి అడ్డం పెట్టుకునే ఆకుల గిడుగు నెత్తిన పెట్టుకుని వచ్చింది. గోడ చూసింది. అరుగు మీద కదలకుండా ఉన్న తడిక చూసింది. తర్వాత నా దగ్గరికొచ్చి, నా నెత్తి మీద చెయ్యి పెట్టి తడిమి చూసింది.

"నీ జుత్తు తడవనేదేటే?"

దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపటికీ పడలేదు. కళ్ళు తెరిచేసరికి ఆవిడ మట్టి తట్ట, నీళ్ళ కుండ తెచ్చి పక్కింటి గోడ దగ్గర చెంగు బిగిస్తోంది. చారలన్నీ గీకేసి పల్చగా ఒక పూత అలికింది. కుంపట్లో నిప్పులు పోసి గోడకి దగ్గరగా పట్టి, ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఆరబెట్టింది. నా చేతిలో వెదురుపుల్ల పెట్టింది.

"ఆలొచ్చీసరికి ఆ ఆవుల్ని మళ్ళీ గియ్యి. ఆలకి తెలీకుండా గీసినావంటే నాను నోరిప్పను. తెలిసిపోయిందంటే ఈదిలో నిలబెట్టి నానే సెప్తాను."

నాకు రాదన్నాను. అవి అక్క ఆవులు, నాకెలా తెలుస్తాయన్నాను. అత్త కుంపటి కింద పెట్టి నావైపు చూసింది. "రోజుకి నాలుగుసార్లు సూసీదానివి, నాను సూణ్ణేదనుకున్నావేటి? కుళ్ళుకున్నా కళ్ళు బాగానే ఎట్టినావు. గియ్యి."

భయంతో మొదలుపెట్టాను. అలవాటు ప్రకారం ముందు కన్ను, తర్వాత ముఖం గీస్తే అది పుస్తకంలో ఆవులా వచ్చింది. అత్త గుడ్డతో తుడిచేసింది. మళ్ళీ గీశాను, మళ్ళీ తుడిచేసింది. మూడోసారి కళ్ళు మూసుకుని అక్క గోడని గుర్తు చేసుకున్నాను. అప్పుడు తెలిసింది, తను ముఖంతో మొదలుపెట్టదని. మెడ నుంచి తోకదాకా వీపుని ఒక్క ఊపులో, పుల్ల ఎత్తకుండా లాగేస్తుంది. ఆ గీత నడుస్తుంటే తక్కినదంతా దాని కింద నడుస్తుంది. నేనూ అలా లాగాను. ఆవు కొండ దిగింది.

తర్వాత ఒక్కొక్కటే నాకే ఆశ్చర్యంగా గుర్తొచ్చాయి. రెండో ఆవుకి ఒక కొమ్ము పొట్టి. నాలుగోది చూడిది, పొట్ట ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. అయిదో దాని తోక గాల్లో ఉంటుంది. నేను వంకరని ఊరంతా చాటిన కాళ్ళు వంకర కావు, దిగుడులో జారకుండా తొక్కిపెట్టిన కాళ్ళు. అక్క బొమ్మని ఊళ్ళో నా అంత శ్రద్ధగా చూసినవాళ్ళు ఇంకొకరు లేరు. మూడో ఆవు అయ్యేసరికి అత్త మాట, పట్టుబడతానన్న భయం, ఫోటో, అన్నీ మరిచిపోయాను. అంత హాయిగా అంతకుముందు ఎప్పుడూ గీయలేదు.

ఏడో ఆవు కన్ను దగ్గర మాత్రం చిక్కుకుపోయాను. మెడ, మోడు, వేలాడే తోలు, అన్నీ గుర్తున్నాయి. కన్ను గుర్తు లేదు. ఎంత తన్నుకున్నా రాలేదు. అత్తని అడిగితే, నాకేటి తెలుస్తాది, నాను గోడలలికీ మనిషిని అంది. పొద్దు వాలిపోతోంది. ఇక చేసేది లేక మా సొంత ఆవు చెవి వెనక గోకినప్పుడు ఎలా ఉంటుందో గుర్తు చేసుకుని, రెప్ప సగం వాల్చి గీసేశాను.

దీపాలు పెట్టే వేళకి వాళ్ళు వచ్చారు. అక్క వాళ్ళమ్మ గోడవైపు చూసి, ఇంత వానకీ చుక్క తడవలేదు, గుంట ఎంత బుద్ధిమంతురాలో అని నా బుగ్గ నిమిరి, సంత నుంచి తెచ్చిన మరమరాల ఉండ చేతిలో పెట్టింది. అత్త మా గుమ్మంలో చోళ్ళు చెరుగుతూ తలెత్తలేదు. గెలిచానన్నమాట. అక్క మాత్రం గోడ ముందే నిలబడి ఉంది. ఒక్కో ఆవునీ దాటుకుంటూ చివరిదాని దగ్గరికి వెళ్ళింది. వేలు పెట్టి దాని కన్ను దగ్గర ఆపింది.

"ఇది నాను గీసింది కాదు" అంది, తనలో తను అనుకున్నట్టు.

నేను ఊరుకుంటే తను పట్టుపట్టేది కాదేమో. ఆ మరమరాల ఉండ చేతిలో చెమటకి అంటుకుపోతోంది. ఏడుపు ఆగలేదు. "తడిక అడ్డెట్టలేదక్కా. వానొస్తందని తెలిసీ ఎట్టలేదు" అన్నాను.

"ఏల?"

"నీది నాకన్నా బాగుంది."

అక్క గోడ మీంచి వేలు తీసేసింది. లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. వాళ్ళమ్మ, మళ్ళీ గీసింది కదే, పోనీలే అంది. అక్క పోనివ్వలేదు, పోనివ్వాల్సిన పనీ లేదు. పండగ మొదలైంది. ఆడవాళ్ళందరూ చేతులు కలుపుకుని థింసా ఆడుతున్నప్పుడు నేను తన పక్కకి చేరాను. తను నా చెయ్యి వదిలించుకుని వరసలో అవతలి చివరికి వెళ్ళిపోయింది. వాయిద్యాల మధ్య ఆ సంగతి ఎవరూ గమనించలేదు. నాకు మాత్రం ఆ పండగంతా అందులోనే పోయింది.

అత్తని నిలదీశాను. తెలీకుండా గీస్తే సరిపోతుందన్నావు, ఏం లాభం, తనకి తెలిసిపోయింది కదా అన్నాను. ఆవిడ నవ్వింది. "ఇంకోలి సెయ్యి తెలీకుండా గియ్యడం ఎవుడి తరమే? తెలిసిపోతాదని నాకు తెలీదేటి? నువ్వు గీత్తావో లేదో సూద్దామనుకున్నాను." చెంగు దులుపుకుని, "గీసినావు. సెప్పినావు కూడాను. అది నాననుకోనేదు" అంది. మా అత్త నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

పండగ వెళ్ళిన రెండో రోజు సాయంత్రం అక్క వచ్చింది. అరుగు మీద, నాకు ఎడంగా కూర్చుంది. నా నోటుపుస్తకం ముందుకి తోసింది.

"తడిక సంగతి నాను మరిసిపోను" అంది. "ఆ కన్ను ఎలా గీసినావో సూపించు. నా ఆవు ఉత్తినే గోక్కుంటంది. నీ దానికి సుకంగా ఉంది."

చూపించాను. మొదటి రెండు కళ్ళూ పాడైపోయాయి. మూడోది చూసి, తను నా చేతిలోంచి పెన్సిలు లాక్కుని పక్కనే ఇంకోటి గీసింది. అది నాదానికన్నా బాగా వచ్చింది. మళ్ళీ మండింది. ఈసారి నోరు విప్పి చెప్పేశాను, మండుతోందక్కా అని. అక్క పడీ పడీ నవ్వి, నాకు మండకే వారం పట్టి ఇక్కడికి రానేదేటి, అంది. తనకీ ఉంటుందని నాకు అంతవరకూ తోచనేలేదు.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. నాకు నలభై దాటింది. ఇప్పుడు ఆదివారాలు మా ఊరి బడిలో పిల్లలు, తల్లులు ఎవరు గీసినవి వాళ్ళు తెచ్చుకుని ఒకళ్ళకొకళ్ళు చూపించుకుంటారు. నేనూ నావి పట్టుకెళ్తాను. వయసొచ్చింది కదా, కుళ్ళు పోయి ఉంటుంది అనుకుంటారేమో, ఎక్కడికీ పోలేదు. మొన్న పదకొండేళ్ళ గుంట ఒకర్తి వానలో తడుస్తున్న కోడిని గీసి తెచ్చింది. నాలుగే నాలుగు గీతలు. నా కడుపులో పాత మంట భగ్గుమంది. అది రాగానే ఏం చెయ్యాలో నాకు తెలుసు కాబట్టి భయపడలేదు. దగ్గరికి వెళ్ళి ఎంతసేపు చూడాలో అంతసేపు చూశాను. నీది నాకన్నా బాగుందమ్మా, ఆ రెక్క ఎలా గీశావో నాకు చూపించు అన్నాను. ఆ పిల్ల వెక్కిరిస్తున్నానేమోనని నా ముఖంలోకి చూసింది. కాదని తెలిశాక, కాస్త జరిగి తన పక్కన నాకు చోటిచ్చింది.