కాలరక్క తిన్న సుద్దముక్కలు

ఆ కుట్టుకేంద్రంలో ఆమెను అందరూ కాలరక్క అనేవారు. బడిపిల్లల చొక్కాలకు కాలర్లు కుట్టడం ఆమె పని. పద్దెనిమిదేళ్లుగా అదే మిషను, అదే కిటికీ పక్క కుర్చీ. నలభై దాటాక ఏమైందో గానీ, మధ్యాహ్నమయ్యేసరికి తల కాలరు మీదికి వాలిపోయేది. మూడో అంతస్తులోని హాలుకు మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు వంగేది. ఆ చెప్పుకు పట్టీయే లేదన్న సంగతి పక్క మిషను మీద గుండీలు కుట్టే వదినకు ఒక్కదానికే తెలుసు.

ఆ వదినకు కూడా తెలియని సంగతి ఇంకొకటి ఉంది. కాలరక్క సుద్ద తింటోంది.

గుడ్డ మీద గీతలు గీసే సుద్ద. మొదట పొరపాటున వేలికంటిన పొడి నాలుకకు తగిలింది. వాన పడ్డ మట్టివాసనలా గుమ్మని ఏదో లోపలికి దిగింది. ఇక ఆగలేకపోయింది. రోజుకో ముక్క, తర్వాత రెండు. తెల్లది కమ్మగా ఉంటుందనీ, నీలంది గొంతుకు అడ్డం పడుతుందనీ కనిపెట్టేదాకా వెళ్లింది వ్యవహారం.

కటింగు మాస్టారికి పిచ్చెక్కింది. చెవి మీద పెన్సిలు తీయని పెద్దమనిషి ఆయన. సుద్దలు డబ్బాలో పెట్టి చూశారు, డబ్బాకు తాళం వేసి చూశారు. తాళంచెవి ఎక్కడ పెట్టేదీ ఆయనే మరిచిపోయి అందరినీ అడిగేవారు కాబట్టి అదీ అక్కరకు రాలేదు. చివరికి ఎలుకలబోను తెచ్చి బల్ల కింద పెట్టారు.

"మాస్టారూ, ఎలుకలైతే నీలం ముక్కలెందుకు వదిలేస్తున్నాయండీ?" అంది గుండీల వదిన.

"అదే నాకూ అర్థం కావడం లేదమ్మా. సుద్దల దొంగ ఎవడో దొరకనీ, అప్పుడు చెప్తా."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. కాలరక్క కొంగుతో పెదాలు తుడుచుకుంది.

ఆ వారంలోనే ఆరోగ్య పరీక్షలకని ఒక నర్సు వచ్చింది. వరసలో కాలరక్క వంతు రాగానే నర్సు ఆమె కింది కనురెప్ప లాగి చూసింది, గోళ్లు చూసింది, వేలి నుంచి రక్తపు చుక్క తీసింది. రక్తం కొలిచే చిన్న మిషను మీద అంకె చూసి, కుర్చీ దగ్గరగా జరుపుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, పచ్చి బియ్యం గానీ, మట్టి గానీ, సుద్ద గానీ తినాలనిపిస్తోందా?"

కాలరక్కకు ఎలుకలబోనులో తనే పడ్డట్టయింది. మరుక్షణం ఎక్కడినుంచి వచ్చిందో నవ్వు తన్నుకొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. నర్సుకూ నవ్వొచ్చింది.

"తెల్లవే తింటానమ్మా," అని ఒప్పుకుంది.

"తప్పు చేసినదానిలా చెప్తావేంటి? ఒంట్లో ఇనుము తగ్గినవాళ్లలో కొందరికి అలా అనిపిస్తుంది. నీ రక్తం ఎనిమిది దగ్గరుంది, పన్నెండు దాటి ఉండాలి. భోజనం ఎలా చేస్తావు?"

"అందరూ తిన్నాక అన్నం, గిన్నెలో మిగిలిన పులుసు. వెంటనే గ్లాసుడు టీ."

నర్సు చేతిలోని పెన్ను కింద పెట్టింది. "చూడక్కా, అన్నం, రొట్టె పని చేసే బలాన్నిస్తాయి. పప్పు, గుడ్డు, చేప, పాలు కండ కడతాయి. కాస్త నూనె కూడా ఉండాలి, నీళ్లు సరేసరి. ఇదంతా గుడ్డ అనుకో. ఇనుము, విటమిన్ల లాంటివి గుండీలు. కావలసింది చిటికెడే. కానీ గుండీలు లేని చొక్కా ఏమవుతుంది?"

"గాలికి ఎగిరిపోతుంది."

"నువ్వూ అలాగే ఎగురుతున్నావు. ఆకుకూరలు, శనగలు, మాంసం తింటే అందులో కార్జం, ఇవన్నీ చేర్చుకో. పక్కనే నిమ్మరసమో జామపండో ఉంటే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది. టీ మాత్రం భోజనానికి గంట ఎడంగా. ముందు డాక్టరుగారికి చూపించుకో, రక్తం ఎందుకు తగ్గిందో ఆయన తేలుస్తారు, మాత్రలు రాస్తారు."

ఆ మధ్యాహ్నమే కాలరక్క మాస్టారి బల్ల ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన కుర్చీలో కూలబడి హమ్మయ్య అన్నారు.

"నాకే మతి పోతోందని మా ఆవిడ మూణ్ణెల్లుగా సాధిస్తోందమ్మా. నువ్వొకసారి ఇంటికొచ్చి ఈ ముక్క దానితో చెప్పిపెట్టు."

ఇంట్లో అసలు చిక్కు టీతో వచ్చింది. అత్తగారికి ముద్ద మింగగానే టీ పడాలి. కోడలికి రక్తం లేదని తెలిశాక మాత్రం ఆవిడ గోడగడియారం కింద పీట వేసుకుని కాపలా కూర్చుంది. కోడలు పొయ్యివైపు చూస్తే చాలు, "ఇంకా ఇరవై నిమిషాలుంది, కదలకు," అనేది. భర్త గోడలకు రంగులేసే మనిషి, మాట తక్కువ. మొదటిరోజే తన పళ్లెం పక్కన ఆమె పళ్లెం కూడా పెట్టి, "ఇకనుంచి మాతోనే తిను," అన్నాడు. ఆకుకూర ఆమెకే ఎక్కువ వడ్డించి, అది చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు.

తిండిలో ఇనుము చాలకే రక్తం తగ్గిందని తేల్చి డాక్టరు మాత్రలు రాశాడు. మొదటి రెండు వారాలు ఏమీ తెలియలేదు. మూడో వారంలో ఒకరోజు హాలులోకి వచ్చి కూర్చున్నాక గుర్తొచ్చింది, మెట్ల మీద ఆగనేలేదని. నమ్మకం కలగక కిందికి దిగి మళ్లీ ఎక్కింది. అప్పుడూ ఆగలేదు. గుండీల వదిన ముక్కున వేలేసుకుంది. సుద్ద మీద మోజు ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. ఒకసారి పరీక్షగా నాకి చూసి ఛీ అనుకుంది. ఇంట్లో ఆమె కాలు ఒకచోట నిలవడం లేదు. ఆదివారం పూట బీరువాలు జరిపి, దుప్పట్లన్నీ ఉతికి, ఇల్లు పీకి పందిరేసింది. "నీరసంగా ఉన్నప్పుడే నయం, మాకు కాస్త విశ్రాంతి ఉండేది," అని అత్తగారు విసుక్కుంటూనే మురిసిపోయింది.

మూడు నెలలకు నర్సు మళ్లీ వచ్చింది. "పదకొండున్నర," అంది మిషను చూసి. "ఇంకా కొంచెం రావాలి. మాత్రలు మానకు."

సాయంత్రం బస్సెక్కేటప్పటికి కాలరక్క తలలో ఆ అంకె ఒక్కటే గిరగిరా తిరుగుతోంది. కండక్టరు దగ్గరికొచ్చి, "ఎక్కడికమ్మా?" అన్నాడు.

"పదకొండున్నర," అంది.

కండక్టరు ఒక్క క్షణం ఆలోచించాడు. "ఆ స్టాపు ఈ రూటులో లేదమ్మా."

ముందు సీట్లోని ముసలాయన మొదట నవ్వాడు. తర్వాత ఆమె నవ్వింది, ఆపుకోలేక కడ్డీ పట్టుకుని మరీ నవ్వింది. ఎందుకో తెలియకుండానే వెనక వరస దాకా నవ్వు పాకింది. ఆ హడావిడిలో దిగాల్సిన చోటు దాటిపోయింది. రెండు స్టాపుల అవతల దిగి, టిఫిను డబ్బా ఊపుకుంటూ, అంత దూరమూ ఆమె హుషారుగా నడుచుకుంటూనే ఇల్లు చేరింది.