ఆదెమ్మ తోటకి పాసు

ఆదెమ్మ తన సొంత తోటలోకి పాసు తీసుకుని వెళ్ళవలసిన రోజులు కొన్ని వచ్చాయి. ఆ పాసు రాసిచ్చిన పుణ్యాత్ముణ్ణి నేనే.

కైకలూరు స్టేషనులో దిగి రెండు గంటలు ఎడ్లబండి మీద వస్తే మా ఊరు. అక్కడ నేను ఎలిమెంటరీ స్కూలు పంతుల్ని. ఊరికి పడమర, కొల్లేటి గట్టు కింద ఆదెమ్మకి నలభై తాడిచెట్లూ, రెండెకరాల వరి మడీ ఉండేవి. ఏటా కార్తీకం దాటగానే ఆ చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టేవి. మొగుడు రత్తయ్య పోయినప్పటి నుంచీ, అంటే పద్దెనిమిదేళ్ళుగా, వాటిని కాపాడుతున్నది ఆవిడే. గుడ్ల కోసం చెట్టెక్కేవాళ్ళని కర్ర చూపించి దింపేది. కిందపడ్డ పక్షిపిల్లల్ని గంపలో పెట్టుకుని చేపముక్కలు తినిపించేది. కల్లుగీసే ఆమోసుని కూడా పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ చెట్లు ఎక్కనిచ్చేది కాదు.

"ఎందుకమ్మా ఇంత అవస్థ?" అని ఒకసారి అడిగాను.

"వాటి రెట్ట కలిసిన నీళ్ళు పెడితే మడి బస్తా ఎక్కువ పండుద్ది పంతులూ" అంది. పక్షుల్ని ఇంత మోటు కారణంతో కాపాడ్డం చదువుకున్నవాళ్ళకి నచ్చదు కదా.

నలభై ఆరో సంవత్సరం చలికాలంలో బెజవాడ నుంచి సంజీవరావుగారు వచ్చారు. శిరస్తాదారుగా రిటైరైన మనిషి. ముప్పై ఏళ్ళు ఫైళ్ళను కాపాడిన చేతులు ఖాళీగా ఉండలేకపోయాయి. అరగంట చెట్ల వంక చూసి, కళ్ళు తుడుచుకుని, "ఇంత సంపదని పట్టించుకునే నాథుడే లేడా?" అన్నారు. నాథుడు లేని మాట నిజమే. ఆదెమ్మ మాత్రం ఆయన పక్కనే నిలబడి ఉంది.

వారం తిరక్కుండా పక్షి సంరక్షణ సేవా సంఘం పుట్టింది. ఆయన ప్రెసిడెంటు, నేను సెక్రటరీ. ఊళ్ళోవాళ్ళు ఇరవై నలుగురు వాలంటీర్లు. తలా ఒక ఖాకీ నిక్కరు, చేతికి పచ్చగుడ్డ, మెళ్ళో ఈల. పక్షులకి ముందుగా కావలసింది ఈలలేనని ఆయనకెందుకు తోచిందో నాకిప్పటికీ అంతుపట్టలేదు. పద్నాలుగు నిబంధనలు అట్ట మీద రాయించి దారికి కట్టించారు. సెక్రటరీ రాసిచ్చిన పాసు లేనిదే తోటలో ఎవరూ అడుగుపెట్టకూడదన్నది వాటిలో మొదటిది. ఆదివారం వస్తే చాలు, బెజవాడ నుంచీ గుడివాడ నుంచీ జనం పులిహోర పొట్లాలతో దిగేవారు. ఒకాయన గ్రామఫోను కూడా తెచ్చాడు. మా వాలంటీర్లు "నిశ్శబ్దం, నిశ్శబ్దం" అని గొంతు చించుకుని అరుస్తూ నిశ్శబ్దాన్ని కాపాడేవారు.

ఒకనాడు పొద్దున్నే గంపతో వచ్చిన ఆదెమ్మని వాలంటీరు బసవపున్నయ్య ఆపాడు. వరసకి ఆవిడకి మరిది.

"పాసేది వదినా?"

"తోట నాదేగదరా."

"రూలుకి వదినా మరిదీ ఉండరు."

ఆవిడ బడికి వచ్చింది. పాసు కాగితంలో 'రాకకు కారణము' అన్నచోట ఏం రాయమంటారని అడిగాను.

"బతుకుతున్నానని రాయి."

అంత చోటు లేదు. 'సందర్శనము' అని రాశాను.

ఆ తర్వాత పిల్లలు రాలిపడ్డం ఎక్కువైంది. జనం చెట్ల కిందికి వస్తే పెద్ద పక్షులు లేచిపోయేవి, అదను చూసి కాకులు గూళ్ళ మీద పడేవి. ఆదెమ్మ వచ్చి చెప్పినప్పుడల్లా నేను మినిట్సు పుస్తకంలో శ్రద్ధగా రాసుకునేవాణ్ణి. కాకులు ఆ పుస్తకం చదవలేదు. చివరికి ఒక సాయంత్రం ఆవిడ వచ్చి ఆ నిబంధనలన్నీ చదివి వినిపించమంది. పదకొండోది మళ్ళీ చదవమంది.

"'పక్షులకు బెదురు కలిగించువారిని, వారెంతటివారైనను, వాలంటీరు తక్షణము వెలుపలికి పంపవలెను.'"

"అయితే నన్నూ వాలంటీరుగా రాసుకో."

ఆడవాళ్ళు పనికిరారని నిబంధనల్లో లేదు. సంజీవరావుగారికి ఆ ఊహే వచ్చి ఉండదు. ఆదెమ్మ నిక్కరూ ఈలా వద్దంది. పచ్చగుడ్డ మాత్రం కట్టించుకుంది.

మాఘమాసంలో డిప్యూటీ కలెక్టరుగారు చూడ్డానికి వచ్చారు. సరిగ్గా గూళ్ళ కిందే పందిరి వేశారు. పక్షులకు ప్రశాంతత ఎంత అవసరమో సంజీవరావుగారు ఉపన్యసించడానికి లేవగానే గౌరవసూచకంగా డోలు మోగింది. చెట్ల మీదివన్నీ ఒక్కసారి లేచాయి. రెండు పిల్లలు రాలి, ఒకటి తివాచీ మీదే పడింది.

ఆదెమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి, దాన్ని తీసి కొంగులో పెట్టుకుంది. "మీరు బయటికి నడవండి బాబూ" అంది సంజీవరావుగారితో.

"ఏమిటీ?"

"పదకొండోది."

డిప్యూటీ కలెక్టరుగారు అదేమిటో చదవమన్నారు. చదివాను.

"అది సందర్శకులకండీ, సంఘం పెద్దలకి కాదు" అన్నారు సంజీవరావుగారు.

"'వారెంతటివారైనను' అని ఉందండీ" అన్నాను. నా జన్మలో నేను చేసిన సాహసం అదొక్కటే. అదీ చూసి చదవడమే.

డిప్యూటీ కలెక్టరుగారు లేచి, చప్పుడు కాకుండా బూట్లు చేత్తో పట్టుకుని, గట్టు వైపు నడిచారు. అంతటివాడు నడిచాక కూర్చునేదెవరు?

మర్నాడు సంజీవరావుగారు మూడు పేజీల రాజీనామా పంపారు. పదిమందీ చూసే ముచ్చట పోయాక వాలంటీర్లలో ఇరవైమంది నిక్కర్లతో సహా మాయమయ్యారు. మిగిలిన నలుగురిలో బసవపున్నయ్య ఉండడం నాకు ఆశ్చర్యమే. ఆదెమ్మ వాళ్ళ ఈలలు ఊడబీకి, కాకుల్ని తోలడం, పడ్డ పిల్లకి మేత పెట్టడం నేర్పింది. వచ్చినవాళ్ళు గట్టు మీదే, పదిమంది చొప్పున నిలబడి చూడాలి.

"ఇంకాస్త దగ్గరికి రానివ్వరా?" అని ఒక బెజవాడ ఇల్లాలు బతిమాలితే, "మీ ఇంట్లో పురుడొస్తే ఊరందర్నీ గదిలోకి రానిస్తారా అమ్మా?" అంది.

ఆ ఏడు సగానికి సగం పిల్లలు చచ్చిపోయాయి. ఆదెమ్మ వాటిని మడిగట్టున పాతిపెట్టి చాలాసేపు అక్కడే కూర్చుంది. ఓదార్చాలని బయల్దేరి, సగం దారిలోనే తిరిగొచ్చాను. మరుసటేడు కార్తీకం వెళ్ళినా పక్షులు రాలేదు. ఆవిడ రోజూ గట్టెక్కి ఆకాశం చూసి దిగేది. నెల ఆలస్యంగా వచ్చి, ముప్పై గూళ్ళు కట్టాయి. అంతకు ముందు నూరు దాటేవి.

ఆ ఏడే సంజీవరావుగారు మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చి, గట్టు మీద అందరితోపాటు వరసలో నిలబడ్డారు. ఆదెమ్మ ఆయన్ని అంతకు ముందెప్పుడూ చూడనట్టే, "ఏ ఊరు బాబూ తమది?" అని అడిగింది. అది వెక్కిరింపో మర్యాదో ఆయనకి బోధపడలేదు. నాకూ బోధపడలేదు.