వాడి పేజీకి నా అనుమతి

తొంభైల చివర మద్రాసులో, వెబ్‌సైట్లు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో నేనూ నా కాలేజీ స్నేహితుడూ ఒకేసారి చేరాం. డిజైనర్ ఉద్యోగం మాత్రం ఒకటే. రాయపురంలో రొయ్యలు ఎగుమతి చేసే వ్యాపారికి ఇద్దరూ చెరో పేజీ చేయండి, ఎవరిది నచ్చితే వాడికే కుర్చీ అన్నాడు మా ఓనరు.

వాడు మాధవరం నుంచి బస్సులో వేలాడుతూ వచ్చినా చొక్కా నలిగేది కాదు. వాడి మీద నాకు సగం మంట అక్కడే. మిగతా సగం వాడి పేజీ చూశాక వచ్చింది.

ఇద్దరం వెతికి వెతికి ఒకే ఫోటో దగ్గర ఆగాం. ఎవరో విదేశీయుడు తన సొంత సైటులో పెట్టుకున్నది: పొద్దు పొడిచే వేళ రాయపురం హార్బర్లో పడవలు. అడగకుండా వాడొద్దని కింద రాసి ఉంది. నేను అడుగుదామనుకున్నాను. వాడు కాపీ చేసేసుకున్నాడు.

"ఏందిరా ఇది, దొంగతనం కాదా?"

"ఇంటర్నెట్లో పెట్టినాడంటే వీధిలో ముగ్గేసినట్టు రా. చూసినోళ్లందరిదీ. నువ్వు ఆడ పర్మిషన్ అడుగుతా కూర్చో, నేను ఈడ పని చూసుకుంటా."

డిగ్రీ చదివినా, ఇంగ్లీషులో అడగడమంటే నాకు తెలిసింది బళ్లో రాసిన సెలవు చీటీ ఒక్కటే. 'గౌరవనీయులైన అయ్యా' అని మొదలుపెట్టి, మా కంపెనీ యావత్తూ తమకు రుణపడి ఉంటుందని, తమ దయకై ఎదురుచూసే విధేయుణ్ణని ముగించాను. జ్వరం వచ్చిందని రాయలేదు, అంతే తేడా.

జవాబు రాలేదు. వ్యాపారి వచ్చే రోజుకి నా పేజీలో ఫోటో ఉండాల్సిన చోట బూడిదరంగు గడి మిగిలింది. హుందాగానే ఉందని నాకు నేను చెప్పుకున్నాను.

ఆయన వాడి పేజీ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఏం నాయనా, ఇది మన హార్బరేనా? కంపు లేకపోతే ఎంత లక్షణంగా ఉండాది!" తర్వాత నా పేజీ చూసి, "ఇది ఇంకా తెరుచుకోలేదా పా?" అన్నాడు. మర్యాదస్తుడు, కాసేపు ఎదురుచూశాడు కూడా.

కుర్చీ వాడిదైంది. నన్ను చిల్లర పనులకు ఉంచుకున్నాడు ఓనరు. ఆ తర్వాత కొన్నాళ్లు వాడి టిఫిన్ క్యారియర్ వాసన కూడా నాకు గిట్టలేదు.

నెల తిరక్కుండానే వ్యాపారి దగ్గర్నుంచి ఫోను. ఆ ఫోటోకి అనుమతి ఉందా, లేకపోతే మీతో వ్యాపారం మా వల్ల కాదు అని సరుకు కొనే విదేశీ కంపెనీ అడిగిందట. ఓనరు ముఖం పాలిపోయింది. స్నేహితుడు తల వంచుకున్నాడు. విచారంగా కనిపించడానికి నేను శక్తివంచన లేకుండా ప్రయత్నించాను.

ఆఫీసంతటికీ ఈమెయిల్ ఒకటే. దాన్ని ఓనరే తెరిచేవాడు. ఆ సాయంత్రం "దేవుడివి పా నువ్వు!" అని అరుస్తూ నా దగ్గరికొచ్చాడు. ఫోటో తీసినాయన ఇన్నాళ్లూ ప్రయాణాల్లో ఉన్నాడట. జన్మలో తననెవరూ ఇంత మర్యాదగా అడగలేదట. మీ కంపెనీ యావత్తూ వాడుకోండి, కింద నా పేరు వేస్తే చాలు అని రాశాడు.

స్నేహితుడు వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "నా కోసరమే రాసినావు కదరా?" వెటకారమైతే బాగుండేది. వాడి కళ్లలో నీళ్లున్నాయి.

మర్నాడు పేజీ అడుగున రెండు పేర్లు వచ్చాయి: ఫోటో తీసినాయనది, డిజైన్ చేసినవాడిది. మరి నా పేరో అని ఓనర్ని అడిగాను.

"అడుక్కున్నోళ్ల పేరు ఎవరేస్తారు పా? సరే, మీవాడికింకా బొమ్మలు కావాలంట. ఇంక ఆ లెటర్లన్నీ నువ్వే రాయాల."

మొదలుపెట్టాను. వాడు తన కుర్చీ నా పక్కకు జరుపుకుని, తెర మీదికి వంగి చదివాడు.

"ఇంకొంచెం వినయం పెంచరా," అన్నాడు.