అవ్వ కూర్చుని వేసిన నాటు

నా చిన్నప్పుడు మా ఊరి బడికి రెండు రకాల సెలవులుండేవి. ఒకటి సర్కారు ఇచ్చేది, అది అందరికీ. రెండోది వరినాట్లు ఇచ్చేవి, అది ఇంట్లో పాలు తాగే తమ్ముడో చెల్లెలో ఉన్న ఆడపిల్లలకే. మా తమ్ముడికి అప్పుడు తొమ్మిదో నెల, నాకు నాలుగో తరగతి. కాబట్టి ఆ వానాకాలం నా సెలవు ఖాయమైపోయింది. నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే నేనేం చెబుతానో అందరికీ తెలుసు, అందుకే అడగలేదనుకుంటాను.

మాది దేవరుప్పుల దగ్గర చిన్న ఊరు. అందరివీ ఎకరం, రెండెకరాల బతుకులే. కూలికి మనుషుల్ని పెట్టుకునే స్తోమత లేదు కనుక నాట్లన్నీ బదులు మీదే నడిచేవి. ఇవాళ నువ్వు నా మడిలో వంగితే రేపు నేను నీ మడిలో వంగుతాను, అంతే. పదిమంది ఆడవాళ్ళు ఒక జట్టు. ఆ జట్టుకు పెద్ద మా పెద్దమ్మ. మా అమ్మకు సొంత అక్కే అయినా మడిలో దిగాక ఆమెకు అక్కా చెల్లె వరసలు గుర్తుండేవి కావు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు ముందు మాటలు పడేవి, ఆ తర్వాతే నారుకట్ట చేతికి అందేది.

నాకు బడి అంటే పిచ్చి. గొప్ప కోసం చెప్పడం లేదు, ఆ పిచ్చి వల్ల ఇంట్లో తిట్లు కూడా తిన్నాను. సరిగ్గా ఆ వారమే సారు మాకు భాగహారం మొదలుపెట్టారు. పెద్ద సంఖ్యను చిన్న సంఖ్యతో పంచి, మిగిలిన దాని పక్కకు ఇంకో అంకెను కిందికి దించుకునే ఆ పద్ధతి చూసి నాకు ఒళ్ళు పులకరించింది. ఒకే ఒక్క రోజు చూశాను. మర్నాటి నుంచి నేను పొలం ఒడ్డు మీద ఉన్నాను, నా చంకలో తమ్ముడున్నాడు.

పది రోజులు గడిచాక ఒక గురువారం సాయంత్రం నా స్నేహితురాలు కబురు తెచ్చింది. సోమవారానికల్లా రానివాళ్ళ పేర్లు రిజిస్టర్లోంచి కొట్టేస్తానని సారు చెప్పారట. పేరు పోతే చదువు పోయినట్టే. మా వాడలో అలా పేరు పోయిన అక్కలు ఇద్దరుండేవారు, ఇద్దరిలో ఒక్కరూ మళ్ళీ బడి గడప తొక్కలేదు. ఆ రాత్రి అన్నం తినకుండా అలిగి పడుకున్నాను. అమ్మ నా పక్కన కూర్చుని, నాట్లు అయ్యేదాకా ఓపిక పట్టమంది. నాట్లు అవడానికి ఇంకా పదిహేను రోజులు పడుతుంది. బడి మాత్రం నా కోసం నాలుగు రోజులే ఆగుతుంది.

మర్నాడు మా పక్కింటి అవ్వ పొలానికి వచ్చింది. ఆమె గురించి చెప్పాలి. కర్ర మింగినట్టు నిటారుగా నడిచేది. అది దర్పం కాదు, నడుం పట్టేసి వంగడం చేతకాక. ఇంట్లో ఒంటరి మనిషి. ఆమెకు ఇరవై గుంటలు, అంటే అరెకరం పొలముంది కానీ రెండేళ్ళుగా బీడే. వంగలేని మనిషి ఎవరి మడిలోనూ నాటలేదు, నాటని మనిషి మడికి ఎవరూ రారు. ఆ రోజు ఆమె తనను జట్టులో కలుపుకొమ్మని పెద్దమ్మను అడిగింది.

"నువ్వు వంగవైతివి. మరి నీ మడిల మేమెట్ల వంగుతం అవ్వా?" అంది పెద్దమ్మ. మాట కటువుగా ఉన్నా అందులో అన్యాయమేమీ లేదు, కట్టుబాటు అదే.

అవ్వ వెళ్ళిపోలేదు. వచ్చి మా పక్కన ఒడ్డు మీద కూలబడింది. అక్కడ వేపకొమ్మకు పాత చీరలతో రెండు ఉయ్యాలలు కట్టి ఉండేవి. ఉయ్యాల దాటిన వయసు పిల్లలు, మా తమ్ముడితో కలిపి ముగ్గురు, నేల మీద పాకుతుండేవారు. వాళ్ళను చూసుకోవడానికి నేనూ నాలాంటి ఇంకో పిల్లా. ఆ రోజు రెండో పిల్లకు జ్వరం, అంతా నా మీదే పడింది.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. నాకు చేతికి ఒక పుల్ల దొరికింది, ఒడ్డు మీద మెత్తటి తడిమట్టి ఉంది, మనసులో భాగహారం ఉంది. తొంభై ఆరును నాలుగుతో పంచడం మొదలుపెట్టాను. ఎంతసేపయిందో తెలియదు. తలెత్తేసరికి తమ్ముడు లేడు. మడి చివర గట్టులేని బావి ఉంది. వాడు ఆ బావి వైపు, నవ్వుకుంటూ, మోకాళ్ళ మీద ఉరుకుతున్నాడు. నాకంటే ముందు అవ్వ లేచింది. ఆ వంగని నడుంతో ఎలా పరుగెత్తిందో, ఎలా పడిందో, వాడి కాలు ఎలా పట్టుకుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. బావి అంచు ఇంకా రెండు బారలుందంతే.

నేను ఏడుస్తుంటే నన్ను కొట్టలేదు, అమ్మను పిలవలేదు. నా పుల్ల గీతల వైపు చూసి, "గిదేంది?" అని అడిగింది. లెక్కలని చెప్పాను. కాసేపు వాటినే చూసింది. "చిన్నదానివి. ఇద్దరి పని నీ మీదేసిండ్రు" అంది. అంతవరకూ నా తప్పంతా నాదే అనుకున్నాను. ఆ ఒక్క మాటతో నా గుండెల మీద నుంచి బండ దించినట్టయింది.

శనివారం పొద్దున్నే అవ్వ మళ్ళీ వచ్చింది. పెద్దమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. అవ్వ మిగిలిన నారుకట్టలు నాలుగు ఒళ్ళో పెట్టుకుని, మడి మూలన బురదలోనే చతికిలబడి కూర్చుంది. ఆడవాళ్ళు పక్కపక్కనే వరుసగా నిలబడి వెనక్కి జరుగుతూ నాటుతున్నారు. ఆ వరుసను మునుం అంటారు. మునుంలోంచి ఒకామె బిడ్డ ఏడుపు విని లేచి ఒడ్డు మీదికి వచ్చింది. అవ్వ వెంటనే తన మూలలో నాటడం మొదలుపెట్టింది, ఒక్కో కుదురూ నెమ్మదిగా. ఆ తల్లి పాలిచ్చి వెళ్ళి మళ్ళీ వంగగానే అవ్వ చెయ్యి ఆగిపోయింది. ఇంకొకామె లేచింది, అవ్వ చెయ్యి మళ్ళీ కదిలింది. నాకు మొదట ఆట అనిపించింది. మధ్యలో అర్థమవడం మొదలైంది, అప్పటి నుంచి నా కాలు నిలవలేదు. ఎవరైనా లేస్తే చాలు, "అవ్వా, లేచింది" అని గుసగుసగా చెప్పేదాన్ని. మా అమ్మే ఐదుసార్లు లేచింది.

మధ్యాహ్నం సద్దిమూటలు విప్పేవేళ పెద్దమ్మ ఆ మూల చూసింది. రెండు చాపలంత మేర పచ్చగా నిండి ఉంది.

"గీ మూలకు ఎవలు నాటిండ్రు?" అంది.

"నేనే. మీలో ఒక్కలు లేచినప్పుడల్లా మొదలువెట్టిన, మళ్ళ వంగంగనే ఆపిన. నడుం లేని ముసలిదాన్ని, కూసుండి వెడితేనే గింత అయ్యింది. నడుమున్న మీరు వెడితే ఎంతయితుండె? పిల్లలను నేను జూస్త, గదే నా బదులు."

పెద్దమ్మ మూల వైపు చూసింది, మునుం వైపు చూసింది. మునుంలో లేచివెళ్ళిన చోటల్లా వరుస వంకర పోయి ఉంది. నాటు విషయంలో ఆమె కన్ను ఎన్నడూ తప్పదు, ఆమెకు వేరే చెప్పాల్సిన పని లేదు. అయినా ఒకామె నవ్వింది. "పిల్లలను జూసుడు గూడ బదులేనా అవ్వా? ఇంట్ల ఊకెనే జూస్తలేమా?"

"ఊకెనే జూస్తున్నరు గనుకనే ఒక్కపారి గూడ లెక్కకు రాలే" అంది అవ్వ. "జర మీరే చెప్పుండ్రి. నిన్న గీ బిడ్డ బావి కాడికి వోయిండు. ఆడ పట్టుకున్న నా చెయ్యి, నాటేసే చెయ్యి కంటె తక్కువదా?"

అమ్మకు బావి సంగతి అప్పుడే తెలిసింది. నా వైపు చూసింది. నేను తలదించుకున్నాను, ఇక వీపు పగులుతుందనుకున్నాను. మా అమ్మ జట్టులో నోరెత్తే మనిషి కాదు, అక్క ముందు అసలే కాదు. చేతిలో ముద్ద అలాగే పట్టుకుని, "అక్కా, అవ్వ బదులు నేను ఒప్పుకుంటున్న. ఎవలు ఒప్పుకోకున్నా అవ్వ మడిల నేనొక్కదాన్నే నాటేసొస్త. నా బిడ్డ సోమారం బడికి వోవాలె" అంది.

అంత ఆనందం నాకు అంతకు ముందు తెలియదు, నిజం చెప్పాలంటే ఆ తర్వాత కూడా రెండు మూడుసార్లే తెలిసింది.

పెద్దమ్మ చెయ్యి కడుక్కుని, "పొద్దుగూకేదాక చూద్దం" అంది. అంతే, ఆ మధ్యాహ్నం నుంచి ఒడ్డు రూపు మారిపోయింది. అవ్వ ముందు పిల్లలందరి చేతులూ కడిగింది. ఇంటి నుంచి తెచ్చిన కాగబెట్టి చల్లార్చిన నీళ్ళ ముంతలో ఎవరూ చెయ్యి ముంచకుండా పైన మూత పెట్టింది. పాకేవాళ్ళను బావికి ఎదురు వైపు నీడకు మార్చి, తనే బావి వైపు కూర్చుంది. ఏడుపుల్లో ఏది ఆకలి ఏడుపో, ఏది నిద్ర ఏడుపో చెప్పేది. ఆకలి ఏడుపైతేనే తల్లిని పిలిచేది. నేను ఆమె పక్కన అన్నీ చూస్తూ అటూ ఇటూ గంతులేస్తున్నాను. మునుం కదలడం మొదలుపెట్టింది. వరుస వంకర పోలేదు. ఎవరో పాట ఎత్తుకున్నారు, పదిమందీ అందుకున్నారు. పొద్దు ఇంకా రెండు బారలుండగానే మడి అయిపోయింది. అందరూ నడుములు ఎత్తి నిలబడి, ఏం చెయ్యాలో తోచక ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఆ జట్టుకు వెలుతురుండగా పని తీరడం అదే మొదలు.

పెద్దమ్మ కాళ్ళ బురద కడుక్కుంటూ, ఎవరి వైపూ చూడకుండా, "ఆదివారం మడికి అవ్వను గూడ పిలువుండ్రి" అంది. ఆమె నోటి నుంచి అంతకంటే పెద్ద మాట ఆశించకూడదు.

సోమవారం నేను గంట కొట్టకముందే బడిలో ఉన్నాను. సారు రిజిస్టర్ తెరిచి పేర్లు పిలుస్తుంటే నా పేరు వచ్చేదాకా ఊపిరి బిగబట్టాను. వచ్చింది. "ఉన్న సార్" అని ఎంత గట్టిగా అన్నానంటే పక్క తరగతి నవ్వింది. అప్పటికి భాగహారం మూడంకెలకు వెళ్ళిపోయింది, నేను వారం రోజుల్లో అందుకున్నాను.

అవ్వ మడి వంతు నాట్లన్నీ అయ్యాక ఆఖరున వచ్చింది. పదిమందీ వెళ్ళారు. రెండేళ్ళ బీడును ముందే దున్ని నీళ్ళు కట్టారట. సొంత మడి కదా, ఇవాళైనా ఒక్క కుదురు పెట్టమని అందరూ అడిగితే, "నా పని ఇది" అని పిల్లల దగ్గరే కూర్చుందట. నాటు అయిపోయాక మాత్రం ఒడ్డు మీద నిలబడి చాలాసేపు కదల్లేదట. ఇదంతా అమ్మ చెప్పగా విన్నదే. ఆ పూట నేను బడిలో ఉన్నాను, చూడలేదు. అందరికీ దక్కిన గొప్ప దృశ్యం నేనొక్కదాన్నే పోగొట్టుకున్నానని ఇంటికొచ్చి ఏడిస్తే, అవ్వ నా నెత్తి మీద చెయ్యేసి, నువ్వు చూడకపోవడం కోసమే కదా బిడ్డా ఇదంతా, అని నవ్వింది.

తర్వాత నేనూ టీచరునయ్యాను. నర్మెట్ట వైపు ఊళ్ళలో చాలా ఏళ్ళు పనిచేశాను. ఏ ఆడపిల్లయినా బడికి రాకపోతే "ఎందుకు రాలేదు" అని ఒక్కనాడూ అడగలేదు. మీ ఇంట్లో చిన్నవాళ్ళను ఎవరు చూస్తున్నారని అడిగేదాన్ని. ఆ ప్రశ్నకు ఇంట్లో జవాబు దొరికితే పిల్ల మర్నాడు వచ్చేది. దొరక్కపోతే ఆ ఇంటికి నేనే వెళ్ళేదాన్ని, వాడలో ఒక అవ్వను వెతికేదాన్ని, ఆమె పనిని పని అని ఒప్పించేదాకా ఆ తల్లులతో పోట్లాడేదాన్ని. పింఛను తీసుకుంటున్న ఈ వయసులోనూ అది మానలేదు. మొన్న పత్తి ఏరే రోజుల్లో అలాగే ఒక ఇంటికి వెళ్ళాను. పదేళ్ళ పిల్ల చెల్లెను ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది. అవ్వ దొరికేదాకా చెల్లెను నాకియ్యి అన్నాను. ఆ పిల్ల నన్ను ఒక్క క్షణం అనుమానంగా చూసి, చెల్లెను నా చేతుల్లో పెట్టి, నేను మాట మార్చుకుంటానేమోనని బ్యాగు సగం తగిలించుకునే ఉరికింది.