స్తంభాల కిలోమీటరు

యోహానుకు దూరం కొలిచే చేతి గడియారాల మీద బొత్తిగా నమ్మకం లేదు. రైల్వేలో కీమ్యాన్‌గా, పట్టాల బిగింపులు చూసుకుంటూ నడిచి రిటైరైన మనిషి. దూరం తెలియాలంటే పక్కనున్న కరెంటు స్తంభాలు లెక్కపెడతాడు, స్తంభానికీ స్తంభానికీ ఒకటే దూరమని. రాయ్‌పూర్‌లో స్థిరపడ్డాక పాలకెళ్లినా, ప్రార్థనకెళ్లినా అదే లెక్క. భార్య మరియమ్మ నవ్వి ఊరుకునేది.

ఆ లెక్కే చివరికి కూతురి మెడకు చుట్టుకుంది.

జెస్సీ రైల్వే ఉద్యోగానికి రాత పరీక్ష గట్టెక్కింది. మిగిలింది పరుగు: ఐదు నిమిషాల నలభై సెకన్లలో కిలోమీటరు. వయసు దాటిపోతోంది, మరో అవకాశం లేదు. కాలనీ వెనక రైలు పట్టాల పక్క మట్టిబాట మీద రోజూ పరుగెత్తేది. తమ్ముడు జాషువా కొనిచ్చిన జీపీఎస్ గడియారం ప్రకారం రోజూ కొద్ది సెకన్లలో తప్పిపోయేది. తండ్రి స్తంభాల ప్రకారం హాయిగా పాసయ్యేది.

పరీక్ష దగ్గర పడుతుండగా మోకాలు వాచింది.

"బస్, ఇంక ఆరామ్ చెయ్యమ్మా. నువ్వెప్పుడో పాసు. ఆకాశంలోంచి కొలిచేదానికి నేల సంగతి ఏటి తెలుస్తాది?" అన్నాడు యోహాను.

"గడియారమే సహీ అయితే నాన్నా? ఆరామ్ చేస్తే నౌకరీ పోద్ది."

గడియారం తప్పయితే పరుగెత్తి మోకాలు పాడుచేసుకుంటుంది. ఒప్పయితే పడుకుని ఉద్యోగం పోగొట్టుకుంటుంది. జెస్సీకి ఆ పూట అన్నం సహించలేదు. మర్నాడు పొడుగాటి టేపు ఒకటి అడిగి తెచ్చి తండ్రి ముందు పెట్టింది.

మొదటి స్తంభాల మధ్య దూరం ఆయన చెప్పినట్టే వచ్చింది. యోహాను గర్వంగా చూశాడు. లైను వంపు తిరిగిన చోట మాత్రం టేపు ఆ దూరానికి చేరకముందే స్తంభం వచ్చేసింది. తర్వాతదీ అంతే. ఆయన టేపు వదిలేసి కంకర మీద కూలబడ్డాడు. వంపులో స్తంభాలు దగ్గరగా పాతుతారని ఆయనకు తెలియక కాదు. మందిర్ హసౌద్ స్టేషను వైపు తిన్నటి లైను మీద ఏళ్ల తరబడి నడిచి ఆ మాటే మరిచాడు. పైగా కూతురు గెలిచే లెక్క ఏ తండ్రికి చేదు?

"నా లెక్క గలత్ తల్లీ," అన్నాడు.

మిగతా బాట కూడా కొలిచారు. గడియారం కిలోమీటరుకూ టేపు కిలోమీటరుకూ నాలుగడుగులే తేడా. ఆ సాయంత్రం నుంచి జెస్సీ మోకాలికి కట్టు కట్టుకుని పరుగెత్తింది. పక్కన సైకిలు మీద తండ్రి, ఒక్క స్తంభం కేసి చూస్తే ఒట్టు.

పరీక్ష రోజు గడియారాన్ని లోపలికి రానివ్వలేదు. జెస్సీ దాన్ని గేటు దగ్గర తండ్రి చేతికి కట్టింది. గోడ అవతల ఈల మోగగానే యోహాను బొత్తాం నొక్కాడు. ఐదు నిమిషాల నలభై దాటింది. ఏ కబురూ లేదు. ఆరు దాటింది, ఏడు కూడా. ఆపుదామంటే వేలు కదల్లేదు. ఆపితే అక్కడితో అంతా తేలిపోతుందని భయం.

చాలాసేపటికి జెస్సీ కుంటుకుంటూ బయటికొచ్చింది. తండ్రి చెయ్యి పట్టుకుని చూస్తే అంకెలు ఇంకా పరుగెడుతూనే ఉన్నాయి.

"ఆపెయ్ నాన్నా," అని తనే బొత్తాం నొక్కింది. "నేనెప్పుడో చేరిపోయాను, టైములోపే."