పదిహేడో వరస

ఈ సంగతి ఇప్పటికి మూడు చోట్ల రాసి ఇచ్చాను. ఒకచోట రసీదు ఇచ్చారు. ఒకచోట "చూస్తాం లెండి" అన్నారు. మూడోచోట నా కాగితం చదవకుండానే దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నారు. ఆ గ్లాసు అడుగు నా సంతకం మీద గుండ్రంగా అచ్చు పడింది. అది నేను మరచిపోయేది కాదు. వినాల్సినవాళ్ళు వినలేదు కాబట్టి చదివేవాళ్ళకే చెబుతున్నాను.

విజయవాడ వన్ టౌన్‌లో మాది నేత చీరల హోల్‌సేల్ కొట్టు. పెడన దగ్గర మా ఇంట్లో ఇప్పటికీ మగ్గం మీద కూర్చునేది మా అక్క. అంచుల డిజైన్లన్నీ ఆమెవే. ముప్పై ఏళ్ళుగా గళ్ళ కాగితాల మీద చుక్కలు పెట్టి గీసుకున్నవి, ఒక వానాకాలం ఇంట్లోకి నీళ్ళొచ్చి ముద్దయిపోయాయి. అంతకు కొన్నాళ్ళ ముందే వాటన్నిటినీ ఫొటోలు తీసి కొట్టులో కంప్యూటర్‌లోకి ఎక్కించాను. మిగిలింది అదొక్కటే. ఇంకో నకలు తీసి పెట్టరా అని అక్క అడుగుతూనే ఉంది, నేను రేపు రేపంటూనే ఉన్నాను.

ఆ మధ్యాహ్నం అక్క చీరల మూట దించి, కొట్టులో పరుపు మీద కూర్చుని మజ్జిగ తాగుతోంది. హనుమాన్ జంక్షన్‌లో ఆగిపోయిన పార్సిల్ కదిలిందో లేదో చూద్దామని నేను ఇంటర్నెట్‌లో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు పేరు కొట్టి, అన్నిటికంటే పైన కనబడిన దాని మీద నొక్కాను. తెర మొత్తం ఎర్రబడింది. సైరన్ మోగింది. ఒక ఆడగొంతు ఇంగ్లీషులో గట్టిగా హెచ్చరించసాగింది: వైరస్ పడింది, కంప్యూటర్ ఆపితే ఉన్నదంతా చెరిగిపోతుంది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి. కింద ఏవేవో ఫైళ్ళ పేర్లు ఎర్ర వరసలుగా పైకి పాకుతున్నాయి. పేజీ మూసేద్దామంటే మూసే గుర్తే కనబడలేదు.

ఆపవద్దన్న మాట నాకు వెంటనే ఎక్కింది. నేతింట్లో పుట్టినవాణ్ణి. ఎంత అర్జంటుగా ఎక్కడికి పరుగెత్తాల్సి వచ్చినా, మా ఇంట్లో సగం నేసిన చీరను మగ్గం మీద నుంచి కోయరు. సగంలో ఆపితే అంతా పోతుందని ఎవరైనా చెబితే, ఎందుకని అడగడం మాకు తోచదు.

ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తారు.

చదివేవాళ్ళకు ఇది చిన్న విషయం కావచ్చు. ఇంటర్నెట్ కంపెనీకి చేస్తే నాకు పాట వినిపిస్తారు. బ్యాంకు కౌంటర్ దగ్గర నిలబడితే తలెత్తరు. అలాంటిది ఇక్కడొకతను నేను చెప్పిందంతా విన్నాడు. "మీ బాధ నాకు అర్థమైంది సార్" అన్నాడు, చక్కటి తెలుగులో. ఇన్నేళ్ళలో ఆ మాట నాతో అన్న మొదటి మనిషి అతనే. పనిలో పనిగా ఇంటర్నెట్ కంపెనీ మీద నా పాత ఫిర్యాదు కూడా చెప్పుకున్నాను. అదీ విన్నాడు!

రెండు మీటలు నొక్కించి, ఒక చిన్న యాప్ దించమన్నాడు. అందులో తొమ్మిది అంకెలు కనబడతాయట. అవి చదివితే తనే అక్కడి నుంచి కంప్యూటర్‌లోకి వచ్చి శుభ్రం చేస్తాడట. యాప్ దించి చదవడం మొదలుపెట్టాను. దాని వెనక ఎర్ర వరసలు పాకుతూనే ఉన్నాయి.

"ఒరేయ్" అంది అక్క.

చెయ్యెత్తి ఆగమన్నాను.

"ఒరేయ్ తమ్ముడూ!"

"ఉండక్కా, ఆఫీసరు లైన్లో ఉన్నారు."

ఆరు అంకెలు చదివాను. అక్క లేచి వచ్చి ఫోన్ మీద అరచెయ్యి పెట్టింది.

"ఈ ఎర్రవి ఏంటంట?"

"లోపల వైరస్‌ల కోసం వెతుకుతోంది. దొరికినవి చూపిస్తోంది, కనబడట్లా?"

"ఇది వెతకట్లేదురా. నేస్తోంది."

"ఏంటీ?"

"పొడుగు, పొట్టి, పొట్టి, పొడుగు... పదిహేడో వరసకి మళ్ళీ మొదటిదే వస్తోంది. నేను చూస్తుండగానే అదే పువ్వు నాలుగుసార్లు నేసేసింది. నిజంగా వెతికేదయితే తిరిగి తిరిగి అవే దొరుకుతయ్యా?"

మా అక్కకు ఇంగ్లీషు అక్షరం రాదు. రానందువల్లే ఆమె మాటలను చూడలేదు, వరసల పొడవు చూసింది. నేను వేలు పెట్టి లెక్కపెట్టాను. పదహారు వరసలు వెళ్ళాయి, పదిహేడోది మొదటిదే. మళ్ళీ లెక్కపెట్టాను. మళ్ళీ అంతే. ఆమె తెర వైపు చూస్తున్న చూపు, పడుగులో తెగిన ఒక్క పోగును వెతికి పట్టుకునే చూపు. చిన్నప్పటి నుంచి పక్కనే ఉండి కూడా ఆ చూపు ఎంతటిదో నాకు తెలియలేదు.

ఫోన్లో అతని గొంతు మారింది. "ఎవరు సార్ పక్కన? ఎవరితోనూ మాట్లాడకండి. మిగతా మూడు అంకెలు చెప్పండి. ఆపితే మొత్తం పోద్ది."

"ఆపేస్తే నీ అంచులన్నీ పోతాయక్కా" అన్నాను.

"అవి నావి. నేనే చెబుతున్నా. ఆపెయ్."

"సగంలో కొయ్యకూడదు కదా."

"కొయ్యకూడనిది మనం నేసేదిరా పిచ్చోడా. ఇది వాడు నేసేది."

ఇంటర్నెట్ డబ్బా వైరు పీకేశాను. తెర నల్లబడేదాకా కంప్యూటర్ మీట నొక్కి పట్టుకున్నాను. ఫోన్లో ఇంకా "సార్, సార్" అంటున్నాడు. అక్క ఫోన్ అందుకుంది. "బాబూ, నీ నేత మరీ ముతకగా ఉంది. కొట్టుకు తెస్తే తిప్పి పంపుతాం" అని కోసేసింది.

మళ్ళీ ఆన్ చేస్తే, ఇందాకటి పేజీ తెరవమంటారా అని అడిగింది. వద్దన్నాను. ఫొటోలున్న చోట నొక్కాను. తెరుచుకునేలోపు అక్క కొంగు పిడికిట్లో నలుగుతోంది. ఒక్కొక్క అంచూ వచ్చింది. హంసలు, మామిడి పిందెలు, గోపురాలు, అన్నీ. ఆమె పరుపు మీద కూలబడి మిగిలిన మజ్జిగ తాగింది.

సాయంత్రం కంప్యూటర్లు బాగుచేసే అతను వచ్చి, ఆ యాప్ తీసేసి అంతా వెతికాడు. లోపలికి ఎవరూ రాలేదన్నాడు. నిజమైన హెచ్చరిక ఏదీ ఫోన్ నంబరు ఇచ్చి పిలవదట. బ్యాంకు పాస్‌వర్డు వేరే ఫోన్లోంచి మార్పించాడు. డిజైన్లు రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించాం. ఒకటి అక్క బొడ్డు సంచిలో పెడన వెళ్ళింది.

రసీదు ఇచ్చినచోట, నాకు జరిగిన నష్టం ఏమీ లేదు కాబట్టి ఫిర్యాదూ లేదని నాతో అన్నారు. ఉంది. నేను వెతికింది ట్రాన్స్‌పోర్టు ఆఫీసును. ఆ ఎర్ర పేజీని అన్నిటికంటే పైన ప్రకటనగా కూర్చోబెట్టింది ఎవరు? మజ్జిగ తాగుతూ ఒక నేతమనిషి పట్టుకున్న దాన్ని, అంతంత యంత్రాలున్నవాళ్ళు ఎందుకు పట్టుకోలేదు? ఆ రోజు మా అక్క చీరలతో వచ్చి ఉండకపోతే మిగతా మూడు అంకెలు నేను చదివేసేవాణ్ణి. నా బాధ అర్థమైందని ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆ మాట చెప్పడానికి ఆ ఫోన్లోవాడున్నాడు. ఆ ప్రకటన చోటును అమ్మినవాళ్ళు పేరు రాసి, సంతకం పెట్టి నాకు జవాబు చెప్పాలి. కొట్టు పొద్దున పదింటికి తీస్తాను. అక్కడే ఉంటాను.