డ్రైవరు దిగిపోయాక గురజాల చేరిన బండి

దయ్యాలున్నాయంటే నేను నమ్మను. స్మశానం గట్టున మంచె వేసుకుని పదేళ్లు మిరపచేను కాపలా కాసినవాణ్ణి. అక్కడ దయ్యాలేవైనా ఉంటే నన్ను చూసి ఎప్పుడో ఊరు మారి ఉండాలి. అందుకే ఇది చెప్పాలంటే నాకే మొహమాటంగా ఉంది.

మొన్న మాచర్లలో టీ కొట్టు దగ్గర ఎవరో పేపరు చదివారు. ఏదో పైదేశంలో ఒక మహానగరం పొడవునా డ్రైవరు లేని రైళ్లు తిరుగుతున్నాయట. జనం పొద్దున్నే ఎక్కి ఆఫీసులకు పోతున్నారట. అందరూ నోళ్లు తెరిచారు. నేను ఆవలించాను. మా మీటరుగేజీ బండి ఆ పని మూడేళ్ల కిందటే చేసింది. అందులో నేనున్నాను.

ఆ రోజు మా మేనమామ వీరయ్యకు గురజాల కోర్టులో వాయిదా. కాలవ కింద మూడెకరాల మిరప నేల. అక్కడ కాసిన కాయ తుంచితే పక్క ఊళ్లో తుమ్ముతారు. ఆ నేలను మామయ్య బాబాయి కొడుకు కోటయ్య దున్నేసుకుంటున్నాడని మా తాత దావా వేశాడు. బతికున్నన్నాళ్లూ ఒక్క వాయిదా తప్పలేదు. జ్వరమొస్తే మంచంతో సహా మోయించుకుని పోయాడు. ఆయన పోయాక మామయ్య తిరుగుతున్నాడు. పోయిన వాయిదాకు బండి ఆలస్యమై అందుకోలేకపోయాడు. ఈసారి పిలిచినప్పుడు పలక్కపోతే దావా కొట్టేస్తానని జడ్జిగారు గట్టిగానే చెప్పారు.

మా వైపు ఒక పద్ధతుంది. దావాలో రెండు పక్షాలవాళ్లూ ఒకే రైలుపెట్టెలో కోర్టుకు పోతారు, ఒకరి క్యారియరులో ఒకరు తింటారు. తిట్టుకోవడం కోర్టు మెట్లెక్కాకే. ఆ రోజూ కోటయ్య మా గోంగూర పచ్చడి సగం ఖాళీ చేసి, గురజాలకు ముందొచ్చే చిన్న స్టేషన్లో దిగాడు. దిగి, నేరుగా ఇంజను దగ్గరికి పోయి డ్రైవరునీ ఫైర్‌మన్‌నీ బజ్జీల కొట్టుకు పిలుచుకుపోయాడు.

డ్రైవరు ముప్ఫయ్యో బజ్జీ మీద ఉండగా మామయ్యకు సంగతి అర్థమైంది.

"ఒరేయ్ కోటిగా! ఏందిరా ఈ మర్యాద? అవతల పిలిచేస్తార్రా!"

"తిననీయ్ అన్నా. ఆకలిగొన్నోళ్లు బండేం తోలతారు?" అంటూ కోటయ్య ఇంకో వాయి వేయించాడు. బండి ఆలస్యమై ఇద్దరూ అందకపోయినా అతనికి నష్టం లేదు. పోయేది దావా వేసినవాడి దావాయే.

వెనక పెట్టెలో గార్డు అలవాటు కొద్దీ తలెత్తకుండానే పచ్చజెండా ఊపాడు. కూత వినపడింది. బండి కదిలింది.

డ్రైవరు చేతిలో బజ్జీ, నోట్లో బజ్జీ. "నా బండి! నా బండి!" అని పరుగెత్తాడు. కోటయ్య అతన్ని దాటి పరుగెత్తాడు. ఆ ఊపుకు పంచె వెనకే ఉండిపోయింది, బండి ముందే వెళ్లిపోయింది.

పెట్టెలో నలభైమంది నలభై దేవుళ్లను పిలిచారు. గాజులమ్మే మస్తాన్‌బీ మాత్రం గంప పట్టుకుని, "డ్రైవరు లేకపోతే ఏందయ్యా? పట్టాలున్నయ్‌గా, ఎటు పోద్ది?" అంది.

మామూలుగా మా బండిని మేకలు దాటిపోతాయి. ఆ రోజు తుమ్మచెట్లు గీతలైపోయాయి. గేటు దగ్గర రెండు కూతలేసింది. వంపులో నెమ్మదించింది. గురజాలలో ఇంజనుకు నీళ్లు పట్టే గొట్టం కింద జానెడు తేడా లేకుండా ఆగింది.

మామయ్యా నేనూ ఇంజనెక్కి చూశాం. మనిషి లేడు. డ్రైవరు పీట మీద సగం కాలిన చుట్ట ఉంది, ఇంకా పొగ వస్తోంది. దాని నడుముకు ఎర్రదారం కట్టి ఉంది. డ్రైవరు తమలపాకుల మనిషి, ఫైర్‌మన్ పొగాకు ముట్టడు. చుట్ట విచ్చిపోకుండా ఎర్రదారం కట్టే మనిషి నాకు తెలిసి ఒక్కడే. మా తాత.

మామయ్య చుట్టను ఆర్పి తువ్వాల కొసన మూటగట్టాడు. "పదరా, మీ తాత ముందు పోయుంటాడు" అన్నాడు.

బంట్రోతు మూడోసారి పిలుస్తుండగా మామయ్య "ఉన్నానయ్యా!" అని పలికిన పలుకుకు కోర్టు కప్పు మీది పావురాలు కారంపూడి దాకా పోయి వాలాయి. కోటయ్యను పిలిస్తే పలికే దిక్కు లేదు. తీర్పు ఏకపక్షంగా మామయ్యకొచ్చింది. మూడెకరాలూ మావి!

మధ్యాహ్నం దాటాక కోటయ్య లారీ ఎక్కి, ఎవరిదో లుంగీ కట్టుకుని వచ్చాడు. పద్ధతి పద్ధతే కాబట్టి సాయంత్రం తిరుగు బండిలో మా పెట్టెలోనే కూర్చున్నాడు.

"తిరగదోడమని అర్జీ పెట్టుకోవచ్చంటగా, మావా?" అని నేనే కోటయ్యను కదిపాను.

మామయ్య మూట విప్పి చుట్ట చూపించాడు. కోటయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"పెదనాన్న చచ్చి కూడా వాయిదా తప్పట్లేదురా! ఆయనతో పాటు నేనేడ తిరిగేది?" అన్నాడు. అర్జీ పెట్టలేదు.

దయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. ఒక్కటే నాకు తేలడం లేదు. మా తాత రెండెడ్ల బండి తోలినప్పుడల్లా కాలవలోకి దింపేవాడు. అంత రైలును తెచ్చి, సరిగ్గా నీళ్ల గొట్టం కింద ఎట్లా ఆపాడు?